రాతి రథం మీది గోపురం ఏమైంది?

పిల్లలూ! ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు యాభై రూపాయల నోటును తిప్పి చూడండి. 2017లో వచ్చిన నీలం రంగు నోటు వెనుక ఒక రాతి రథం కనిపిస్తుంది. అది కర్ణాటకలోని హంపిలో, విఠ్ఠలస్వామి ఆలయ ప్రాంగణంలో ఉంది. హంపి అంటే మన శ్రీకృష్ణదేవరాయలు ఏలిన విజయనగరమే. చూడటానికి రథమే గానీ, నిజానికి అది గరుత్మంతుని గుడి. ఒకే రాయిలా కనిపించినా, ఎన్నో రాళ్ళను పొందికగా పేర్చి కట్టారు.

నోటు మీద ఆ రథం పైన ఏమీ లేదు కదా! పూర్వం దానిపై ఇటుకలతో కట్టిన గోపురం ఉండేది. ఆ సంగతి మనకెలా తెలిసింది? ఒక పాత ఫోటో వల్ల!

1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే మద్రాసు సైన్యాధికారి హంపిని ఫోటోలు తీశారు. అప్పటికి ఫిల్ము లేదు. మైనం పట్టించిన కాగితానికి వెండి లవణాలు ఎక్కించి, పెద్ద కెమెరాలో పెట్టి, నిమిషాల తరబడి వెలుతురు పడనిచ్చేవారు. మధ్యలో ఎవరైనా నడిచి వెళితే బొమ్మలో పడరు. కదలని గుడి మాత్రం చక్కగా వస్తుంది! ఆ కాగితంలో వెలుగు నల్లగా, నీడ తెల్లగా ఉంటాయి. అదే నెగెటివ్. దాన్ని మరో కాగితంపై ఉంచి ఎండలో పెడితే అసలు బొమ్మ వచ్చేది.

వందేళ్ళకు పైగా మరుగున పడిన ఆ నెగెటివులు తర్వాత వెలుగులోకి వచ్చాయి. 1983లో ఆస్ట్రేలియాకు చెందిన జాన్ గోలింగ్స్ అవే చోట్ల నిలబడి మళ్ళీ ఫోటోలు తీశారు. రెండూ పక్కపక్కన పెడితే ఏది మిగిలిందో, ఏది పోయిందో తెలుస్తుంది. గుడి ఎవరు కట్టించారో శాసనం చెబుతుంది. ఫలానా రోజున ఎలా ఉందో ఫోటో చెబుతుంది.

మనం రాస్ తనూరా నుంచి సెలవులకు వెళ్ళేసరికి ఊళ్ళో గుడికి కొత్త రంగులు, కొత్త గచ్చు వచ్చేస్తుంటాయి. పాత గుడి ఎలా ఉండేదో మీకెవరు చూపిస్తారు?

సెలవుల పని:
1. తాతగారి ఊరి గుడిని ఫోటో తీయండి. మీరు ముందు నిలబడకుండా ఒకటి!
2. ఊరి పేరు, తేదీ, ఎక్కడ నిలబడి తీశారో తెలుగులో రాయండి.
3. వచ్చే ఏడాది అక్కడే నిలబడి మళ్ళీ తీయండి. ఏం మారిందో నాయనమ్మను, అమ్మమ్మను అడిగి తెలుసుకోండి.