ఆరంభమును సమాప్తియు

జూను మాసమున పాఠశాల తెఱవగానే మన విద్యార్థులు క్రొత్త నోటుపుస్తకములు కొని తెత్తురు. వానికి అట్టలు వేయుదురు. మొదటి పుటపై పేరును తరగతిని ముత్యములవంటి అక్షరములతో వ్రాయుదురు. అంచున ఎఱ్ఱని గీతలు గీయుదురు. మొదటి పది పుటలు కన్నులపండువుగ నుండును. ఇరువదవ పుటకు గీతలు మాయమగును. ముప్పదవ పుటకు అక్షరములు వంకరపోవును. దసరా సెలవులు గడచిన పిమ్మట అదే పుస్తకమును తెఱచి చూచితిమా, సగము చేసిన లెక్కలు, సగము వ్రాసిన వ్యాసములు, ఆపైన తెల్లకాగితములు కనబడును. ఆ తెల్లకాగితములను గుఱించియే మే మీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఉత్సాహము చాలక ఇట్లగుచున్నదని కొందఱందురు. మాకట్లు తోచదు. అట్టలు వేసిన బాలునకు ఉత్సాహము లేదని ఎట్లనగలము? ఉత్సాహము మొదలుపెట్టుటకు చాలును. ముగించుటకు వేఱొక గుణము కావలెను. దానినే పెద్దలు దీక్ష యనిరి. భర్తృహరి సుభాషితములను తెనిగించిన ఏనుగు లక్ష్మణకవి పద్యములలో అధములు, మధ్యములు, ఉత్తములు అను మూడు తెగల మనుష్యులను గుఱించినది మీరు చదివియే యుందురు. ఆ పద్యమును తప్పు లేకుండ అప్పగించువారు మన తరగతులలో అనేకులు కలరు. కాని పద్యము కంఠస్థమైనంత మాత్రమున ఉత్తముల తెగలో చేరము. ఎట్లు చేరవలయునో మన సీమలోని కట్టడములనే అడిగి తెలిసికొందము.

మన భూపాలపల్లికి సమీపమున పాలంపేట గ్రామము కలదు. 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లా ఏర్పడినపుడు ఆ గ్రామము మన జిల్లాలోనిదే. 2019లో ములుగు జిల్లా వేఱుపడగా దానిలో చేరినది. అచ్చటి రామప్ప దేవాలయమును కాకతీయ గణపతిదేవ చక్రవర్తి సేనాని యగు రేచర్ల రుద్రుడు కట్టించెను. అచ్చటి శిలాశాసనము 1213వ సంవత్సరము నాటిది. నిర్మాణము సుమారు 40 ఏండ్లు సాగెనని చెప్పుదురు. 2021 జూలై 25వ తేదీన యునెస్కో సంస్థ ఈ దేవాలయమును ప్రపంచ వారసత్వ సంపదల జాబితాలో చేర్చినది.

మన విద్యార్థులు విహారయాత్రకు పోయినపుడు నల్లరాతి నర్తకీమూర్తులను చూచి ఆశ్చర్యపడుదురు. ఆశ్చర్యపడవలసినదే. అయినను మేము వారిని మఱి రెండింటిని చూడుమని కోరుదుము. మొదటిది నేల. అది అక్కడక్కడ కుంగియున్నది. పైనున్న దూలములు కొన్ని వంగియున్నవి. అయినను ఎనిమిది శతాబ్దములుగ గుడి నిలిచియున్నది. పునాది గోతులను ఇసుకతో నింపి, దానిపై కట్టడము నిలిపిరని శిల్పవిషయజ్ఞులు చెప్పుచున్నారు. రెండవది శిఖరము. దాని బరువు తగ్గించుటకై నీటిపై తేలునంత తేలికయైన ఇటుకలను కాల్చి వాడిరి. పునాదిలోని ఇసుకను ఎవరును చూడబోరు. శిఖరములోని ఇటుక తేలికయో బరువో క్రింద నిలుచున్నవానికి తెలియదు. ఐనను ఆ పనివారు కనబడని పనిని కనబడు పనివలెనే ముగించిరి. మనము పరీక్షాధికారి కంటబడు పుటను మాత్రము చక్కగ వ్రాసి, చిత్తుపుస్తకములోని లెక్కను సగములో విడుచుదుము. ఆ లెక్కయే మన పునాదిలోని ఇసుక.

రేచర్ల రుద్రుడు గుడితోపాటు చెఱువును కూడ కట్టించెను. గుట్టల నడుమనుండు పల్లమునకు అడ్డముగ కట్ట వేసి వాననీటిని నిలుపుట కాకతీయులనాటి పద్ధతి. రామప్ప, పాకాల, లక్నవరము, మన గణపురము చెఱువులు ఇట్టివే. రామప్ప చెఱువు నేటికిని పొలములకు నీరిచ్చుచున్నది. ఇప్పుడొక లెక్క వేసికొందము. వేయి గజముల కట్టలో పనివారు 999 గజములు కట్టి, ఒక్క గజము విడిచిరనుకొనుడు. వేయింట 999 వంతుల పని ముగిసినది. నీరును వేయింట 999 వంతులు నిలుచునా? నిలువదు. చెఱువంతయు ఆ గజము సందుననే పోవును. పోవుచు పోవుచు ప్రక్కనున్న మట్టిని కోసికొనిపోయి గండిని పెద్దది చేయును. కావున ఆ చివరి గజము వేయింట ఒక వంతు కాదు. మిగిలిన 999 గజముల విలువయు దానిపైననే ఆధారపడియున్నది.

పనులన్నియు ఇట్టివేనా యని మీరడుగవచ్చును. కావు. నూఱు మామిడిమొక్కలు నాటదలచి నలువది నాటి విడిచినవానికి నలువది చెట్లైనను దక్కును. విద్యార్థి పనులలో కొన్ని తోటవంటివి, కొన్ని కట్టవంటివి. క్రొత్త మాటలు నేర్చుట, కథలు చదువుట, చేతివ్రాత దిద్దుకొనుట తోటవంటివి. ఎంత చేసిన అంత లాభము. రేఖాగణితములోని సిద్ధాంతమును నిరూపించుట కట్టవంటిది. చివరి మెట్టు లేనిచో అది నిరూపణమే కాదు. ప్రయోగశాలలో కొలతలన్నియు తీసి, పుస్తకమున వ్రాసికొనక వచ్చినవానికి ప్రయోగఫలము దక్కదు. ఉపకారవేతనమునకు దరఖాస్తు నింపి, ఒక్క పత్రము జతపఱచక గడువు దాటనిచ్చినవానికి వేతనము రాదు. అన్నిటికంటె పెద్ద కట్ట పది సంవత్సరముల పాఠశాల చదువు. దాని చివరి గజము పదవ తరగతి పరీక్ష.

ఈ మాట తల్లిదండ్రులకును విన్నవించుచున్నాము. మన ప్రాంతమున ప్రత్తియు మిరపయు ప్రధానమైన పంటలు. ప్రత్తి ఏరుట చలికాలమున వచ్చును. మిరపకాయ కోత వేసవి మొదలిడువేళ, అనగా పబ్లిక్ పరీక్షలకు ముందు దినములలో వచ్చును. కూలీలు దొరకరు, కూలిధర ఎక్కువ, చేతికి వచ్చిన పంట చేననే ఎండిపోవును. ఇంటి కష్టమును ఎఱుగక మేము వ్రాయుట లేదు. పది దినములు బడి మానుమని పిల్లలతో చెప్పుట ఎంత సులభమో ఎఱుగుదుము. ఆ పది దినములు నలువదియగుటయు, పిమ్మట సిగ్గుచే వారు బడికి రాకుండుటయు చూచియున్నాము. ఆడపిల్లల విషయమున ఈ ప్రమాదము మఱింత ఎక్కువ. బడి మానిన బాలికకు ఇంటిపనియే శాశ్వతమగును. తొమ్మిది సంవత్సరములు కట్టిన కట్టకు చివరి గజమున గండి పెట్టవలదని మా ప్రార్థన. పని తప్పనిసరియైనచో ఉపాధ్యాయులతో ముందుగ చెప్పి, ఏ దినమున తిరిగి పంపుదురో నిర్ణయించి, ఆ దినమున తప్పక పంపుడు.

తిరిగి వచ్చుట యనునది మొదలిడుటకంటె కష్టము. రెండేండ్లకొకమాఱు మాఘమాసమున మేడారము జాతర వచ్చును. జాతరనుండి మరలివచ్చిన వారమున తరగతిలో సగముమంది ఏ పాఠము ఎచ్చట నిలిచినదో ఎఱుగరు. పని నడుమ విరామము వచ్చుట తప్పు కాదు. ఎచ్చట నిలిపితిమో గుఱుతు లేకుండుట తప్పు. దీనికి హనుమకొండలోని వేయిస్తంభముల గుడి మంచి నిదర్శనము. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆ గుడి ఎదుటనున్న కల్యాణమండపము శిథిలము కాగా, తిరిగి కట్టుటకై 2006లో దాని రాళ్ళను విడదీసిరి. పని నడుమ నిలుచుచు సాగుచు, 2024 మార్చి 8వ తేదీన, మహాశివరాత్రినాడు, మండపము మరల ప్రజలకొఱకు తెఱవబడినది. 18 ఏండ్ల పిమ్మట ఏ రాయి ఎచ్చటిదో ఎట్లు తెలిసినది? ఇట్టి పనులలో విడదీయునపుడే ప్రతి రాతికిని అంకె వేయుదురు. అంకె లేని రాళ్ళు వట్టి రాళ్ళకుప్ప. అంకె వేసిన రాళ్ళు నేడు కాకున్న రేపైనను మండపమగును. పుస్తకము మూయునపుడు, చదివినదెంతయో, తెలియనిదేదో, రేపు మొదట చేయవలసినదేదో ఒక్క పంక్తి వ్రాసి మూయుడు. అదియే రాతిపై అంకె.

ఒక్కొక్కపుడు పని ఒకని జీవితకాలమున ముగియదు. నన్నయ భట్టారకుడు పదునొకండవ శతాబ్దమున ఆంధ్ర మహాభారతమును ఆరంభించి అరణ్యపర్వము నడుమ నిలిపెను. పదుమూడవ శతాబ్దమున తిక్కన సోమయాజి విరాటపర్వము మొదలు పదునైదు పర్వములు రచించెను. అరణ్యపర్వ శేషమును పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱన పూరించెను. మన పొరుగున జనగామ జిల్లాలోని బమ్మెర గ్రామముతో పేరు పెనవేసికొన్న పోతనామాత్యుని భాగవతమునందును గంగన, సింగన, నారయ యను కవులు కొన్ని స్కంధములను పూరించిరి. పూర్వకవి త్రోవ స్పష్టముగ నుండుటచేతనే తరువాతివారు అందుకొనగలిగిరి. కావున ఒంటరిగ ముగింపలేని పని విషయమున సిగ్గుపడి దాచుకొనవలదు. ఎంతవఱకు వచ్చితిరో చూపి, ఉపాధ్యాయునో తోటి విద్యార్థినో సాయమడుగుడు.

ఇక ఆచరణమునకు కొన్ని నియమములు చెప్పెదము.

మొదటిది. ఆరంభమునకు ముందు కొలుచుడు. 180 పుటల పుస్తకమున్నది. వారమునకు ఆఱు దినములు, దినమునకు రెండు పుటలు చదివినచో వారమునకు 12 పుటలు, 15 వారములలో పుస్తకము ముగియును. ఈ లెక్క వేయనివాడు మొదటి దినమున ముప్పది పుటలు చదివి, రెండవ దినమున అలసి, మూడవ దినమున పుస్తకమును మఱచును.

రెండవది. ఒకేమాఱు అనేకము మొదలుపెట్టవలదు. చేతిలో నున్నవానిని ఒక కాగితముపై వ్రాయుడు. వానిలో నిజముగ అక్కఱలేనిది ఏదైన నున్నచో, ఆలోచించి, కారణము వ్రాసి, కొట్టివేయుడు. తెలిసి విడుచుట వేఱు, సోమరితనముచే జాఱవిడుచుట వేఱు. మొదటిది వివేకము.

మూడవది. తెలియని భాగమును దాటి ముందునకు పోవలదు. మన పట్టణపు బొగ్గుగనులలో పనిచేయు తండ్రులనో అన్నలనో అడుగుడు. పైకప్పునకు ఆధారములు అమర్చిన పిదపగాని భూగర్భమున ముందునకు సాగరు. భిన్నములు తెలియక బీజగణితమునకు పోయినవాని తలపై కప్పు ఎప్పుడో ఒకప్పుడు కూలును.

నాలుగవది. చివరి భాగమునకు ప్రత్యేకముగ సమయము నుంచుడు. వ్యాసము వ్రాయుటతో పని ముగియదు. చదివి తప్పులు దిద్దుటతో ముగియును. లెక్కకు జవాబు వచ్చుటతో ముగియదు, సరిచూచుటతో ముగియును. మూడు గంటల పరీక్షలో చివరి పదునైదు నిమిషములు ఇందుకై మిగుల్చుకొనుడు.

ఇంతవఱకు చదివి, మా కట్టకు గండి పడియే పోయినది, ఇక నేమి లాభమని దిగులుపడు విద్యార్థి ఎవరైన నుండవచ్చును. అతనికి మేము చెప్పునదిది. గండి పడిన చెఱువును రైతులు విడిచిపెట్టరు. వానకాలమునకు ముందే మట్టి మోసి పూడ్చుదురు. పదవ తరగతిలో ఏదైన విషయమున తప్పినవారికి ఆ వేసవిలోనే సప్లిమెంటరీ పరీక్ష జరుగును. బడి మానినవారు తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠము ద్వారా పదవ తరగతియు ఇంటర్మీడియటును చదివి పరీక్షలకు కూర్చుండవచ్చును. బడి మానిన మీ అన్నలు, అక్కలు ఇంటనున్నచో ఈ సంగతి వారికి చెప్పుడు. నేర్చినది ఎచ్చటికిని పోలేదు; పూడ్చవలసినది గండి మాత్రమే.

ఈ సంచిక మీ చేతికి వచ్చిన దినమున మిమ్ము మేమడుగునది పెద్దపని కాదు. జూనులో అట్ట వేసిన ఆ నోటుపుస్తకమును తీయుడు. సగములో విడిచిన మొదటి లెక్క ఎచ్చటనున్నదో వెదకుడు. క్రొత్త పుస్తకము కొనవలదు, క్రొత్త పుట తిప్పవలదు. ఆ లెక్క క్రిందనే, అది నిలిచిన పంక్తినుండియే మొదలుపెట్టి, ముగించి, సరిచూచి, తేదీ వేసి, రేపు ఉదయమున మీ ఉపాధ్యాయునకు చూపుడు.