మన ఒంట్లోని గడియారం

ఉదయం అమ్మ నాలుగుసార్లు లేపినా లేవలేక, మొదటి పీరియడ్‌లో ఆవలిస్తూ కూర్చుంటున్నారా? అదంతా బద్ధకమే అనుకోకండి. మీ ఒంట్లోని గడియారం ఆలస్యంగా నడుస్తూ ఉండవచ్చు.

ఒంట్లో గడియారమేమిటి అంటారా? 1729లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ద మెరాన్ ఒక మొక్కను చీకట్లో ఉంచాడు. వెలుతురు తగలకపోయినా దాని ఆకులు పగలు విచ్చుకున్నాయి, రాత్రి ముడుచుకున్నాయి. వేళ తెలుసుకునే ఏర్పాటు మొక్కలోనే ఉందన్నమాట!

అటువంటిదే మన మెదడులోనూ ఉంది. బియ్యపు గింజకన్నా చిన్నదైన ఒక కణాల గుంపు మన నిద్రకూ, మెలకువకూ వేళలు నిర్ణయిస్తుంది. చాలామందిలో దాని రోజు 24 గంటలకన్నా కొద్దిగా ఎక్కువ. మీ వయసులో నిద్రవేళ ఇంకాస్త వెనక్కి జరుగుతుంది. ఈ గడియారాన్ని రోజూ సరిచేసేది ఉదయపు వెలుతురు. రాత్రిపూట దీపాల కాంతి, సెల్‌ఫోను కాంతి కంట్లో పడితే, నిద్రవేళను తెలిపే మెలటోనిన్ అనే హార్మోను ఊరడం ఆలస్యమవుతుంది.

మరి ఏం చేయాలి? ఆదివారమైనా సరే, ఒకే వేళకు లేవండి. పళ్ళు తోముకోవడం, మొక్కలకు నీళ్ళు పోయడం ఆరుబయట చేయండి. సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడకండి. పడుకోవడానికి గంట ముందే ఫోను పక్కన పెట్టండి. మీ వయసువారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి.

నమ్మకం కలగడం లేదా? ప్రయోగం చేయండి. ముందు ఒక వారం మామూలుగానే ఉండి, మొదటి పీరియడ్‌లో రోజూ ఎన్నిసార్లు ఆవలించారో నోటు పుస్తకంలో రాయండి. తరువాత రెండు వారాలు ఈ అలవాట్లు పాటిస్తూ మళ్ళీ రాయండి. రెండు లెక్కలూ పోల్చితే తేడా ఉందో లేదో మీకే తెలుస్తుంది.