చేప లేని పూట, తృప్తి తగ్గని పులుసు

విశాఖపట్టణ తీరమున ఏటేట ఏప్రిలు 15వ తేదీనాడు సముద్రపు వేట నిలిచిపోవును. జూను 14 వరకు, అనగా 61 దినములు, మరపడవలును, ఇంజను బిగించిన నావలును వేటకు పోరాదు. తూర్పు తీరమంతటికిని ఈ నియమము వర్తించును. ఇంజను లేని సంప్రదాయపు తెప్పలకు మాత్రము మినహాయింపు కలదు. చేపలు గ్రుడ్లు పెట్టి సంతతిని పెంచుకొను కాలమది. ఆ కాలమున వల వేయకుండుట రేపటి వేటకు పెట్టుబడి వంటిది. ఇందులో వివాదము లేదు. కాని ఆ రెండు నెలలు ఇంటి దాకలో ఏమి యుండును? ఈ పాఠము ఆ ప్రశ్నను గూర్చినది.

వేట నిలిచినంతనే చేపల రేవు బోసిపోవును. బజారులో చేప తగ్గును, ధర పెరుగును. పూడిమడక, ముత్యాలమ్మపాలెము వంటి తీరగ్రామములలో ఆదాయమును, కూరయు ఒకేసారి తగ్గును. ప్రభుత్వము ఈ కాలమునకు ఒక్కొక్క మత్స్యకార కుటుంబమునకు 2019లో 10,000 రూపాయలు, 2025లో 20,000 రూపాయలు సహాయముగా నిచ్చినది. ఆ సొమ్ములో అప్పులకును, వలల బాగుచేతకును పోగా వంటయింటికి చేరునది స్వల్పము. మరియొక సంగతిని సభ్యులు గమనింపవలెను. బడులకు వేసవి సెలవులు ఏప్రిలు చివరి వారమున మొదలై జూను రెండవ వారము వరకు సాగును. బడిలో మధ్యాహ్న భోజనముతో పిల్లలకు లభించు గ్రుడ్డు సెలవులలో లభింపదు. ఇంట చేప తగ్గిన నెలలును, బడిలో గ్రుడ్డు లేని నెలలును దాదాపు ఒకటియే. ఎదిగెడి బిడ్డకు రెండు వైపులనుండియు లోటు కలుగుచున్నది.

ఒక తీరగ్రామములో మేము ఈ మాట ప్రస్తావింపగా ఒక వృద్ధురాలు నవ్వి, “బాబూ, చేప లేని పులుసూ ఒక పులుసేనా? రెండు నెలలు చారునీళ్ళతో గడిపేస్తాం” అన్నది. ఆమె మాటలో రెండు సంగతులు కలవు. రుచి లేనిచో ఇంటిల్లిపాదికి తృప్తి యుండదు, ఇది నిజము. చారునీళ్ళతో గడిపినచో బలము తగ్గును. ఇది ఆమె గమనింపనిది. ఈ రెండింటికిని ఉపాయము మన వంటయింటిలోనే యున్నది.

మాంసము మానుడని చెప్పుట మా యుద్దేశము కాదు. ఎవరి ఆహారము వారి ఇష్టము. కాని వేట నిలిచిన నెలలలోను, కార్తికమాసములోను, చేతిలో డబ్బాడని వారములలోను మాంసము లేని పూటలు ప్రతి ఇంటను వచ్చును. ఆ పూటలను ఎట్లు దిద్దుకొనవలెనో తెలిసికొందము.

రుచి ఎక్కడ నున్నది?

చేపల పులుసు తలచినంతనే నోరూరుటకు కారణము చేప యొక్కటియే కాదు. చింతపండు పులుపు, దంచిన మెంతుల చేదు, వేగిన ఉల్లి తీపి, వెల్లుల్లి ఘాటు, పచ్చిమిరప కారము, వేసవిలోనైన మామిడికాయ ముక్క – ఇవి యన్నియు కలసి పులుసగును. మట్టిదాకలో సన్నని సెగపై మరగి, మూత క్రింద నిలువయుండి, ముక్కలోనికి పులుసు ఇంకుటచేత రెండవనాడు రుచి హెచ్చును. ఈ పనులలో వేనికిని చేప అవసరము లేదు. కావలసినది పులుసును పీల్చుకొని విరిగిపోక నిలుచు ముక్క. కోడికూర, కైమా విషయమును ఇంతియే. మసాలా మనది, పద్ధతి మనది. ముక్క మాత్రము మారును.

బలము ఎక్కడ నున్నది?

ఇచ్చట ఒక పొరపాటు తరచుగా జరుగును. లేత పనసకాయ ఉడికినప్పుడు పీచుపీచుగా మాంసమును పోలియుండును. అందుచేత అది మాంసమునకు సమానమని పలువురు భావింతురు. నూరు గ్రాముల చేపలో మాంసకృత్తులు సుమారు 18 నుండి 20 గ్రాములు. అంతే తూకముగల లేత పనసకాయలో రెండు మూడు గ్రాములు మాత్రమే. పుట్టగొడుగులలోను సుమారు అంతియే. రూపము మాంసమునకు దగ్గర, బలము కూరగాయకు దగ్గర.

పప్పుల సంగతి వేరు. నూరు గ్రాముల పెసరపప్పులో సుమారు 24 గ్రాములు, మినపప్పులో 23, శనగపప్పులో 21 గ్రాముల మాంసకృత్తులు కలవు. మీల్ మేకరని మనవారు పిలుచు సోయా ముద్దలలో సుమారు 50 గ్రాములు. ఇవి పొడి సరుకు లెక్కలని మరువరాదు. ఉడికిన పప్పు నీరు పీల్చి రెండు మూడు రెట్లు తూగును గనుక గరిటెడు పప్పుచారులో బలము స్వల్పమే. బియ్యములో కొరతగా నుండు లైసిను అను అంశము పప్పులలో సమృద్ధిగా నుండును. అన్నము, పప్పు కలిపి తిను మన అలవాటు శాస్త్రమునకు సరిపోవునది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము, 65 కిలోల పురుషునకు దినమునకు సుమారు 54 గ్రాములు, 55 కిలోల స్త్రీకి సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావలెను. వంట చేయువారు ఈ సంఖ్యలను మనసున నుంచుకొని సరుకు కొలుచుట మేలు.

మూడు వంటలు (ఐదుగురికి)

1. పెసర ముక్కల పులుసు: పావు కిలో పెసరపప్పును నాలుగు గంటలు నానబెట్టి, నీరు పోయక గట్టిగా రుబ్బవలెను. ఉప్పు, పసుపు, కారము, అల్లము, జీలకర్ర చేర్చి, నూనె రాసిన పళ్ళెములో వ్రేలెడు మందమున పరచి, ఇరువది నిమిషములు ఆవిరిపై ఉడికింపవలెను. చల్లారిన పిదప చేపముక్కలంతేసి కోసి, పెనముమీద ఇరువైపుల ఎఱ్ఱగా కాల్చవలెను. వేరుగా దాకలో నూనె కాచి ఉల్లిముద్ద, అల్లము వెల్లుల్లి, పచ్చిమిరప, కరివేపాకు వేపి, పెద్ద నిమ్మకాయంత చింతపండు పులుసును, మామిడి ముక్కలను, చిటికెడు మెంతిపిండిని చేర్చి నూనె తేలువరకు మరగనీయవలెను. అప్పుడు ముక్కలు జారవిడువవలెను. గరిటె పెట్టరాదు, చేపల పులుసునకు వలెనే దాకను గుడ్డతో పట్టి కుదుపవలెను. ఐదు నిమిషముల పిదప దించి, గంటసేపు మూసియుంచి వడ్డింపవలెను.

2. గారెలతో పనస కూర: లేత పనసకాయను కోయునప్పుడు చేతికిని కత్తికిని నూనె రాసికొన్నచో జిగురంటదు. ముక్కలను పసుపు, ఉప్పు నీటిలో ముప్పాతిక వంతు ఉడికించి, నీరు పిండి, కోడికూర మసాలాలోనే ఇగర్చవలెను. నానబెట్టి ఉడికించిన శనగలు గుప్పెడు కలుపుట మంచిది. కాయ ముదిరినచో పిక్కలను పొట్టు తీసి వండవచ్చును. ముక్కలకంటె పిక్కలలో బలమెక్కువ. ఈ కూరకు జతగా పావు కిలో మినపప్పు గారెలుండవలెను. పనసలో లేని బలమును గారె తెచ్చును. గారెలతో కోడికూర తిను మన యిండ్లలో ఈ జత ఎవరికిని కొత్త కాదు.

3. మీల్ మేకరు కైమా: నూరు గ్రాముల ముద్దలను ఉప్పువేసిన వేడినీటిలో పది నిమిషములు నానవేసి, చన్నీటిలో రెండు మారులు పిండవలెను. ఈ పిండుట మానినచో పచ్చివాసన నిలుచును. పిదప సన్నగా తరిగి, వేగిన ఉల్లిలో మసాలాతో పొడిపొడిగా వేపవలెను. పిల్లలకు రొట్టెలోను, పెద్దలకు అన్నములోను ఒప్పును.

ఇప్పుడు లెక్క చూతము. అరకిలో శుభ్రము చేసిన చేపను ఐదుగురు పంచుకొన్నచో తలకు 18 నుండి 20 గ్రాముల మాంసకృత్తులు లభించును. పావు కిలో పెసరపప్పు పులుసులో తలకు 12 గ్రాములు. దానికితోడు ఒక కోడిగ్రుడ్డో, ఒక గ్లాసు పాలో చేరినచో మరి ఆరు గ్రాములు వచ్చి మొత్తము 18 అగును. చేప లేని లోటు ఈ విధముగా దాదాపు తీరును.

జాగ్రత్తలు

బి-12 అను విటమిను పప్పులలోను కాయలలోను దొరకదు. పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసములే దానికి ఆధారము. కనుక మాంసము లేని పూటల పెరుగు మానరాదు. ఎండుచేపలు తిను ఇండ్లలో వానిని కొంచెముగా వాడుకొనవచ్చును.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో సగముకంటె ఎక్కువ మందికి రక్తహీనత కలదని తేలినది. పప్పులలోను ఆకుకూరలలోను ఇనుము కలదు గాని మాంసపు ఇనుమువలె సులభముగా ఒంటబట్టదు. నిమ్మరసము, ఉసిరి, పచ్చి మామిడి తోడైనచో ఎక్కువగా పట్టును. భోజనముతో టీ త్రాగినచో తగ్గును. ఇంట వడ్డించు ఇల్లాలు చివర మిగిలినది తినుట మన ఇండ్లలో పాత అలవాటు. ముక్కలు లెక్కించి వండిన పులుసులో ఆమె ముక్క ఆమెకు ముందుగానే తీసి యుంచవలెను.

అడవిలో మొలచిన గుర్తు తెలియని పుట్టగొడుగులను వండరాదు. విషపు జాతులు ఉడికించినను విషము విడువవు.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులోని 29 విషయములలో మత్స్య పరిశ్రమయు, స్త్రీ శిశు సంక్షేమమును చేరియున్నవి. కనుక ఇది వంటయింటి ముచ్చట యని సభ్యులు త్రోసివేయరాదు.

ఏప్రిలు మొదటి వారముననే మహిళా సంఘములచేత ఊరిలో ఒక వంట ప్రదర్శన జరిపింపవచ్చును. పురుషులును రావలెను, రుచి చూచి మెచ్చుకొన్న వంటయే ఇంట నిలుచును. అంగనవాడి కేంద్రమునకు వేసవిలో గ్రుడ్లు, పాలు సక్రమముగా అందుచున్నవో లేదో సభ్యులు వారమునకొకమారు స్వయముగా చూడవలెను. వరి కోసిన పొలములలో మినుము, పెసర వేయు రైతులు పంటలో కొంత ఊరిలోనే అమ్మునట్లు ప్రోత్సహింపవచ్చును. పంచాయతీ స్థలములలో మునగ, కరివేప, నిమ్మ, పనస మొక్కలు నాటినచో కొన్నేండ్లకు అవి ఊరివారికి కూరయగును.

చర్చింపదగిన ప్రశ్నలు

మన ఊరిలో వేట నిలిచిన నెలలలో పిల్లలు ఏమి తినుచున్నారు? సెలవులలో గ్రుడ్డు తినని పిల్లలెందరు? ఊరి దుకాణములో పెసరపప్పు, మీల్ మేకరు ఏ ధరకు దొరకుచున్నవి? పాలు ఊరిలోనే మిగులుచున్నవా, పట్టణమునకు పోవుచున్నవా? వచ్చు గ్రామసభలో ఈ నాలుగింటికి సమాధానములు వ్రాసికొనుడు.

ఆ వృద్ధురాలి ఇంట మేము పెసర ముక్కల పులుసు వండించితిమి. ఆమె రుచి చూచి, కొంతసేపు మాటలాడక, “చేప కాదు గానీ పులుసే” అని, మనుమనికి రెండవ ముక్క వడ్డించినది. మాకు అంతకుమించిన ప్రశంస అక్కరలేదు.