నేల కనిపించకపోతే దిగేదెలా?



క్విజ్ పోటీలకు తయారయ్యే రోజుల్లో మా స్టడీ అవర్‌లో ఒక ప్రశ్న తప్పకుండా వచ్చేది. లోక్‌సభకు తొలి దళిత స్పీకర్ ఎవరు? జి.ఎం.సి. బాలయోగి అని అందరం ఒకే గొంతుతో చెప్పేవాళ్లం. తూర్పు గోదావరి జిల్లాలో ఒక లంక గ్రామంలో పుట్టి, కాకినాడలో న్యాయవాదిగా మొదలై, 1998 మార్చిలో ఆ కుర్చీలో కూర్చున్న మనిషి. జనరల్ నాలెడ్జి పుస్తకంలో ఆయన గురించిన చివరి ముక్క, 2002 మార్చి 3న హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయారని. అది చదివి ఒక ఏడో తరగతి తమ్ముడు అడిగాడు: "అన్నా, హెలికాప్టరు యాడైనా దిగొచ్చు గదా, రన్‌వే గూడా అక్కర్లేదు. మరి ఎట్ల పడిపాయె?"

ఆ రోజు మాలో ఎవరికీ జవాబు తెలియదు. తర్వాత చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ఆ ఆదివారం ఉదయం ఆయన భీమవరం నుంచి హైదరాబాదుకు బయల్దేరారు. ఎక్కింది బెల్ 206, ఒకే ఇంజను ఉన్న చిన్న ప్రైవేటు హెలికాప్టర్. అప్పటి కృష్ణా జిల్లాలోని కైకలూరు దగ్గర (2022 నుంచి అది ఏలూరు జిల్లా) అది ఒక చేపల చెరువులో కూలింది. ఆయనతో పాటు పైలట్, అంగరక్షకుడు కూడా చనిపోయారు. చూపు సరిగా ఆనక పైలట్ చెరువును నేల అనుకొని దిగబోయాడనీ, నీళ్లని తెలిసి మళ్లీ లేపబోతే కొబ్బరిచెట్టు తగిలిందనీ అప్పటి పత్రికలు రాశాయి.

చెరువును నేల అనుకోవడమా? మన తాడిపత్రి వైపు పిల్లలకు ఇది నమ్మబుద్ధి కాదు. మన దగ్గర చాలా ఏండ్లు నేలనే చెరువు అని పిలుచుకుంటుంటాం, అది వేరే సంగతి. కైకలూరు కొల్లేరు అంచున ఉంది. చుట్టూ చేపల చెరువులు, కాలువలు, గాలి నిండా తేమ. రాత్రి నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి తుషార స్థానం దాకా చల్లారితే, అందులోని ఆవిరి సన్నటి నీటి బిందువులై గాలిలోనే తేలుతుంది. అదే మంచు. చూపు 1 కి.మీ. కంటే తక్కువ దూరం ఆనితే దాన్ని వాతావరణ శాఖ భాషలో పొగమంచు అంటారు. చలికాలం తెల్లవారుజామున ఎప్పుడైనా పెన్నా మీద మంచు లేచి బుగ్గ రామలింగేశ్వరస్వామి గుడి మొండి గోపురాలు కనిపించకుండా పోతే ఎట్లుంటుందో, అట్లా.

దానికి తోడు గాలి లేని పొద్దున నీళ్లలో అల ఉండదు. అద్దంలా ఉన్న నీటి మీద ఎత్తు అంచనా వేయడం అనుభవం ఉన్న పైలట్‌కు కూడా కష్టమే. చెట్టో, గట్టో, పశువో కనబడితేనే కన్ను ఎత్తును కొలుస్తుంది. ఏ గుర్తూ లేకపోతే 100 అడుగులూ 10 అడుగులూ ఒకటే.

కన్ను పనిచేయకపోతే ఒంటికి తెలియదా అని అనిపించవచ్చు. మేము ఒక ప్రయోగం చేసి చూశాం. మీరూ చేయవచ్చు, కానీ కిందపడకుండా ఇద్దరు పక్కన నిలబడాలి. తిరిగే కుర్చీలో ఒకణ్ణి కూర్చోబెట్టి, కళ్లకు గంతలు కట్టి, నెమ్మదిగా ఒకే వేగంతో తిప్పాం. ఏ వైపు తిరుగుతున్నావని అడిగితే మొదట సరిగ్గానే చెప్పాడు. అర నిమిషం గడిచాక "ఆగిపోయింది" అన్నాడు. కుర్చీ మాత్రం తిరుగుతూనే ఉంది! నిజంగా ఆపేసరికి "ఇప్పుడు ఎదురు తిప్పుతున్నారు" అని కుర్చీని గట్టిగా పట్టుకున్నాడు.

కారణం జీవశాస్త్రం పాఠంలో ఉంది. లోపలి చెవిలో మూడు అర్ధవర్తుల కుల్యలు, వాటిలో ద్రవం. తల తిరగడం మొదలైనప్పుడు ద్రవం వెనకబడుతుంది, దాంతో మెదడుకు కబురు అందుతుంది. ఒకే వేగంతో తిరుగుతూ ఉంటే ద్రవం కూడా కలిసి తిరుగుతుంది, కబురు ఆగిపోతుంది. మేఘంలో ఉన్న పైలట్‌కు జరిగేది కూడా ఇదే. విమానం ఒక పక్కకు ఒరిగి తిరుగుతుంటే నేరుగా పోతున్నాననుకుంటాడు, సరిచేయబోయి ఇంకా చెడగొడతాడు. 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, పరికరాలు చూసి నడిపే శిక్షణ లేని 20 మందితో పరీక్ష చేశారు. బయటి చూపు లేనప్పుడు 20 మందీ అదుపు తప్పారు. సగటున పట్టిన సమయం 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా లేదు. 1999 జూలైలో మాజీ అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు తన సొంత చిన్న విమానాన్ని రాత్రివేళ మసక గాలిలో సముద్రం మీదుగా నడుపుతూ కూలిపోయింది కూడా ఇట్లాగే అని అక్కడి దర్యాప్తు తేల్చింది.

కాబట్టి మంచులో నమ్మవలసింది ఒంటిని కాదు, పరికరాలను. కానీ వాటికీ షరతులున్నాయి. ఎత్తు చూపే ఆల్టీమీటర్ నిజానికి ఒక బారోమీటరే. సముద్రమట్టం దగ్గర 1 హెక్టాపాస్కల్ పీడనం తేడా అంటే సుమారు 27 అడుగులు. ఆ చోటి పీడనం ఎంతో విమానాశ్రయం రేడియోలో చెబితే పైలట్ దాన్ని పరికరంలో పెట్టుకుంటాడు. 10 హెక్టాపాస్కల్‌లు తప్పు పెడితే 270 అడుగులు తప్పు చూపిస్తుంది. ఊరి బయట పొలంలో దిగేవాడికి ఆ అంకె చెప్పేవారు ఎవరు?

పెద్ద విమానాశ్రయాల్లో రన్‌వే దగ్గర నుంచి రెండు రేడియో కిరణాలు పంపుతారు. ఒకటి కుడి ఎడమలు చెబుతుంది, ఇంకొకటి సుమారు 3 డిగ్రీల వాలు చూపుతుంది. పదో తరగతి త్రికోణమితి ఇక్కడ పనికొస్తుంది. టాన్ 3° విలువ 0.0524, అంటే 1 కి.మీ. ముందుకు పోతే 52 మీటర్లు దిగాలి. ఈ పద్ధతిలో మొదటి తరగతికి నిర్ణయపు ఎత్తు 200 అడుగులు, రన్‌వే మీద చూపు కనీసం 550 మీటర్లు ఆనాలి. 200 అడుగులంటే 61 మీటర్లు, 0.0524తో భాగించండి, నేల తాకే చోటు ఇంకా 1,160 మీటర్లు ఉంటుంది. గంటకు 130 కి.మీ. వేగంతో వచ్చే చిన్న విమానానికి అది అర నిమిషం. ఆ ఎత్తులో రన్‌వే దీపాలు కనిపించాయా, దిగు. కనిపించలేదా, ఇంజను పెంచి పైకి లేపు. "ఇంకొంచెం దిగి చూద్దాం" అనేది అక్కడ లేదు. మాకు ఈ విద్య మొత్తంలో బాగా నచ్చింది ఇదే. తిరిగి లేవడాన్ని ఓటమిగా కాక, ముందే రాసిపెట్టిన దారిగా నేర్పిస్తారు.

వెనక సీటులో కూర్చున్నవారు సభకు ఆలస్యమవుతోందని గడియారం చూసుకుంటుంటే ఆ దారి పట్టడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. రెండు ఇంజన్లున్నా, ఇద్దరు పైలట్లున్నా వాతావరణం ముందు పూచీ లేదని 2009 సెప్టెంబరు 2న మళ్లీ తెలిసింది. బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ వాన మబ్బుల్లో నల్లమల కొండల్లో కూలింది, ఐదుగురు పోయారు. ఎక్కడ పడిందో తెలియడానికే మరుసటి రోజు అయింది.

ఇప్పుడు ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి తయారుచేసిన గగన్ అనే ఉపగ్రహ వ్యవస్థ ఉంది. రేడియో కిరణాల ఏర్పాటు లేని చిన్న రన్‌వేకు కూడా ఆకాశం నుంచే వాలు దారి చూపుతుంది. 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఒక ఏటీఆర్ విమానం ఈ పద్ధతిలో దిగింది. అయితే దానికి ముందే కొలిచి, అడ్డంకులు చూసి, ఆ రన్‌వేకు దారి గీసి ఉంచాలి.

తమ్ముడు అడిగిన దానికి ఇక జవాబు చెప్పవచ్చు. హెలికాప్టర్ ఎక్కడైనా దిగగలదు, నిజమే. ఆ 'ఎక్కడైనా'లో దీపాలు ఉండవు, రేడియో ఉండదు, పీడనం అంకె చెప్పేవారు ఉండరు, నిర్ణయపు ఎత్తు రాసిపెట్టి ఉండదు. అక్కడ పైలట్‌కు మిగిలేది కళ్లు మాత్రమే. ఆ పొద్దున కొల్లేటి ఒడ్డున అవే ఆనలేదు.