భయపడిన హృదయానికి మొదట కావలసింది ఊరట

2023 అక్టోబర్ 29, ఆదివారం. రాత్రి సుమారు 7 గంటల వేళ విజయనగరం జిల్లా కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య విశాఖపట్నం-పలాస పాసింజరును విశాఖపట్నం-రాయగడ పాసింజరు వెనుక నుంచి ఢీకొట్టింది. కనీసం 14 మంది ప్రాణాలు కోల్పోయారు. ఎందరో గాయపడ్డారు.

శరీరానికి తగిలిన గాయం మానవచ్చు. కాని అటువంటి ఘటనను కళ్లారా చూసిన మనిషికి ఆ తర్వాత రైలు కూత వినబడితే చాలు, గుండె దడదడలాడవచ్చు. నిద్రలో ఉలిక్కిపడి లేవవచ్చు. ఇంట్లోవారు ప్రేమతోనే, “నమాజు చదువుతావు కదా, మరి ఈ భయమేమిటి? నీ ఈమాన్ బలహీనపడిందా?” అంటారు. ఆ మాట అతని గాయం మీద మరో గాయమవుతుంది. అసలు భయం ఈమాన్ లేకపోవడానికి గుర్తా?

హజ్రత్ ఖదీజా (రజి) గారి ఆదర్శం

హిరా గుహలో మొదటి వహీ అవతరించిన తర్వాత దైవప్రవక్త (స) వణుకుతూ ఇంటికి వచ్చారు. తనకు దుప్పటి కప్పమని కోరారు. ఇంటివారు కప్పారు. భయం తగ్గిన తర్వాతే ఆయన జరిగినదంతా హజ్రత్ ఖదీజా (రజి)కు వివరించారు. ఆమె ఆయన్ను తప్పుపట్టలేదు. బంధుత్వాలను కలిపి ఉంచడం, అభాగ్యుల భారం మోయడం, అతిథులను ఆదరించడం వంటి ఆయన సుగుణాలను గుర్తుచేసి, అల్లాహ్ మిమ్మల్ని ఎన్నటికీ అవమానం పాలు చేయడని ధైర్యం చెప్పారు. ఆ తర్వాత విషయం తెలిసిన వరఖా బిన్ నౌఫల్ వద్దకు తీసుకువెళ్లారు.

ఇందులో మన ఇళ్లకు మూడు పాఠాలున్నాయి. మొదట శరీరానికి ఊరట. తర్వాత నిందించకుండా వినడం. ఆ తర్వాత తెలిసినవారి సహాయం.

ఊపిరి అనే సాధనం

భయం వేసినప్పుడు గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. గుండెను నెమ్మదించమని మనం ఆజ్ఞాపించలేము. ఊపిరిని మాత్రం కొంత అదుపు చేయగలం. నెమ్మదిగా ఊపిరి వదులుతున్నప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది.

పద్ధతి సులువైనది. గోడకు వీపు ఆనించి కూర్చోండి. ఒక చేయి పొట్ట మీద పెట్టండి. నాలుగు అంకెలు లెక్కించేంతసేపు ముక్కుతో గాలి పీల్చండి. ఆరు అంకెలు లెక్కించేంతసేపు మెల్లగా వదలండి. ఊపిరి బిగబట్టవద్దు. ఇలా ఐదు నిమిషాలు చాలు. భయం లేనప్పుడే రోజూ అలవాటు చేసుకుంటే, భయం కలిగిన వేళ అక్కరకు వస్తుంది.

ఇది ఇబాదత్ అవుతుందా?

కాదు. ఇది మందు వంటి ఒక సాధనం మాత్రమే. దీనికి ప్రత్యేక పుణ్యాన్ని అంటగట్టకూడదు. ఇందులో మంత్రాలకు గాని, సూర్యుడికి చేసే నమస్కారాలకు గాని చోటు లేదు. ఊపిరి అల్లాహ్ మానవులందరికీ ఇచ్చిన వరం.

అలాగే నమాజును వ్యాయామంగా భావించకూడదు. అది అల్లాహ్ హక్కు. అయితే దానిని తొందరపడి ముగించేవారు అందులోని ప్రశాంతతను పోగొట్టుకుంటారు. దైవప్రవక్త (స) ఒక్కొక్క ఆయత్ దగ్గర ఆగి పఠించేవారని హజ్రత్ ఉమ్మె సలమా (రజి) తెలిపారు. సూరె ఫాతిహాను అలా ఆగి ఆగి చదివి చూడండి. రుకూలో, సజ్దాలో శరీరం నిలకడ చెందేవరకు ఉండండి. అల్లాహ్ స్మరణతోనే హృదయాలకు తృప్తి కలుగుతుందని దివ్య ఖుర్ఆన్ తెలియజేస్తోంది.

కొన్ని జాగ్రత్తలు

కొందరికి కళ్లు మూసుకుని ఊపిరిని గమనిస్తే భయం ఇంకా పెరుగుతుంది. వారిని బలవంతం చేయకండి. కళ్లు తెరిచి, పాదాలు నేలకు ఆనించి, చుట్టూ కనిపించే వస్తువుల పేర్లు ఒక్కొక్కటే చెప్పమనండి. తల తిరిగినట్లు అనిపిస్తే వెంటనే ఆపివేయాలి.

పీడకలలు, ఉలికిపాటు, ఆ చోటికి వెళ్లలేకపోవడం నెల దాటినా తగ్గకపోతే మానసిక వైద్యుణ్ణి కలవాలి. విశాఖపట్నం చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. చనిపోవాలనే ఆలోచన ఉన్నదని ఎవరైనా చెబితే వారిని ఒంటరిగా వదలకండి. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) స్వయంగా ఆదేశించారు. కనుక వైద్యం పొందడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు.

హజ్రత్ యాఖూబ్ (అ) కుమారుని ఎడబాటు దుఃఖంతో చూపు కోల్పోయారు. అయినా ఆయన సహనం చక్కని సహనమే. ఆయన తన బాధను అల్లాహ్‌కే మొరపెట్టుకున్నారు. కన్నీరు సహనానికి శత్రువు కాదు.

కనుక సోదర సోదరీమణులారా! మీ ఇంట్లో ఎవరైనా రైలు కూతకు వణికితే, వారి ఈమాన్‌ను తూచకండి. ముందు దుప్పటి కప్పండి. పక్కన కూర్చుని, వారితో కలిసి మెల్లగా ఊపిరి తీయండి. వారు మాట్లాడినప్పుడు వినండి.

ఓ అల్లాహ్! చింత నుంచి, దుఃఖం నుంచి మమ్మల్ని కాపాడు. భయపడినవారికి ఊరట కలిగించే చేతులుగా మా చేతులను మలచు. ఆమీన్.