అప్‌డేట్ క్వెరీ మొరాయిస్తే

1992లో వెలువడిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో వందలాది వరుసలను ఒక్క ఆజ్ఞతో మార్చేది అప్‌డేట్ క్వెరీ. అది పని చేయనప్పుడు ఏమి చూడాలో సరే, పని చేసినట్లు కనిపించినప్పుడు ఏమి చూడాలన్నది అంతకంటె ముఖ్యం.

క్వెరీ బొత్తిగా కదలకపోతే ముందు పైనున్న భద్రతా హెచ్చరిక పట్టీని చూడండి. ‘ఎనేబుల్ కంటెంట్’ నొక్కనిదే ఇటువంటి క్వెరీలు నడవవు. ‘ఎంటర్ పారామీటర్ వాల్యూ’ అని పెట్టె వచ్చిందంటే చాలావరకు గడి పేరులో అక్షరం తప్పిందన్నమాట. ఇక 3073వ నంబరు దోషం ఉన్నది. ఫైలున్న ఫోల్డరులో వ్రాసే అనుమతి లేకపోయినా అదే వస్తుంది. శాఖలవారీ సగటు తీసే క్వెరీని విద్యార్థుల పట్టికకు జోడించినా అదే వస్తుంది. సగటు వరుస అనేక వరుసల నుండి పుట్టినది. దానిని మనం మార్చకపోయినా, జోడింపులో అది ఉన్నదంటే చాలు, యాక్సెస్ ఒప్పుకోదు. సగటులను తాత్కాలిక పట్టికలో దింపి, శాఖ పేరును ప్రైమరీ కీ చేసి జోడిస్తే గొడవ వదులుతుంది.

అన్ని వేళలా తప్పు మనదే కాదండోయ్! 2019 నవంబరులో వచ్చిన ఒక భద్రతా సవరణ తరువాత, ఒకే పట్టికను షరతుతో మార్చే మంచి క్వెరీలు కూడా ‘పాడైపోయింది’ అంటూ 3340 దోషం చూపాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది. సరిదిద్దిన ప్రతులు వచ్చేదాకా, పట్టికకు బదులు దానిమీద ఒక సెలెక్ట్ క్వెరీ వ్రాసి, దానినే మార్చి గట్టెక్కవలసి వచ్చింది.

ఇప్పుడు అసలు ప్రమాదం. సిలబస్‌లో లేని ప్రశ్న వచ్చిందని 120 మందికి తలా 5 మార్కులు కలపాలనుకుందాం. మార్కుల గడికి 100 మించరాదని నియమం ఉన్నది. 96, ఆపైన వచ్చినవారు ఏడుగురు. ఆ ఏడు వరుసలూ మారవని యాక్సెస్ చెప్పి, అయినా నడపనా అని అడుగుతుంది. గుమాస్తాగారు ‘ఎస్’ నొక్కుతారు. తరువాత నియమం సడలించి అదే క్వెరీని మళ్ళీ నడుపుతారు. ఏడుగురికి 5 కలుస్తాయి, తక్కిన 113 మందికి 10! దోష సందేశం ఒక్కటీ రాదు. ఒకడు ఫస్టుక్లాసు, ఒకడు సెకండుక్లాసు — ఎవరిది ఎలా తేలిందో తరువాత ఎవరు చెప్పగలరు? నడిచిపోయిన అప్‌డేట్‌కు ‘అన్‌డూ’ లేదు.

కాబట్టి ముందు ఫైలుకు నకలు తీయాలి. ‘రన్’ నొక్కకముందు డేటాషీట్ వ్యూలో చూస్తే, ఏ వరుసలు మారబోతున్నాయో కనబడతాయి, ఏదీ మారదు. పట్టికలో ‘కలిపాము’ అనే అవును-కాదు గడి ఒకటి చేర్చి, మార్కులతోపాటు దానినీ అదే క్వెరీలో ‘అవును’ చేయాలి. ‘కాదు’ అన్న వరుసలే మారాలని షరతు పెట్టాలి. అప్పుడు రెండోసారి నడిపినా ఆ ఏడుగురి వరుసలే కదులుతాయి. పరీక్షకు రానివారి గడి సున్నా కాక ఖాళీగా ఉంటే, 5 కలిపినా ఖాళీగానే మిగులుతుంది.