ల్యాబ్ అంతటికీ ఒకే గడియారం

గడియ అంటే 24 నిమిషాలు. గడియారం అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. పొద్దు చూసి పని చేసుకునేవాళ్ళకి ఒక గడియ అటూ ఇటూ అయినా నడిచేది. కంప్యూటర్‌కి నడవదు.

కంప్యూటర్‌లో టైమ్ నడిపేది ఒక చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. పది లక్షల్లో 20 వంతుల తేడా ఉందనుకోండి, రోజుకి సుమారు 1.7 సెకన్లు తప్పుతుంది. ఒక మెషీన్ ముందుకీ పక్కది వెనక్కీ జరిగితే, క్లయింట్ ప్రశ్న పంపకముందే సర్వర్ జవాబిచ్చినట్టు లాగ్‌లో కనిపిస్తుంది. ఇంక డీబగ్గింగ్ చేసినట్టే! కెర్బెరోస్ లాగిన్ అయితే మామూలుగా 5 నిమిషాల తేడా దాటితే లోపలికే రానివ్వదు.

దీనికి మందు ఎన్‌టీపీ. అమెరికాలో డేవిడ్ మిల్స్ రూపొందించారు, 1985 నుంచీ వాడుకలో ఉంది. "టైమెంత?" అని అడిగితే జవాబు వచ్చేలోపే టైమ్ మారిపోతుంది కదా, మరెలా? నాలుగు సమయాలు రాసుకుంటారు. మన గడియారంలో 0 మిల్లీసెకన్ల దగ్గర ప్రశ్న బయల్దేరింది. సర్వర్ గడియారంలో 2030కి చేరింది, 2031కి జవాబు బయల్దేరింది. మనకి 61కి అందింది. వెళ్ళేటప్పటి తేడా 2030, వచ్చేటప్పటి తేడా 1970. సగటు 2000. అంటే మనం సరిగ్గా 2 సెకన్లు వెనకున్నాం. దారిలో పోయిన 60 మిల్లీసెకన్లు లెక్కలోంచి వాటంతటవే ఎగిరిపోయాయి. నాకు ఇందులో బాగా నచ్చేది ఈ కూడికే. కాకపోతే రానూపోనూ ఒకే సమయం పట్టిందన్న నమ్మకం మీద ఇదంతా నిలబడింది.

ఇక సెటప్. ఉబుంటులో క్రోనీ ప్యాకేజీ వేసుకుంటే చాలు. ల్యాబ్‌లో ఒక్క మెషీన్ మాత్రమే బయట అడగాలి, మిగతావన్నీ దాన్ని అడగాలి. ఆ ఒక్కదాని కాన్ఫిగ్ ఫైల్‌లో కనీసం మూడు నాలుగు బయటి సర్వర్లు రాయండి. రెండే రాస్తే, రెండు పంచాంగాలు పండగని చెరో రోజున చెప్పినట్టే, ఎవరిది తప్పో తేలదు. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వర్‌ని తప్పక పెట్టండి, భారత ప్రామాణిక కాలాన్ని నిలబెట్టేది వాళ్ళే. సంస్థలు తమ టైమ్‌ని ఎన్‌ఐసీ, ఎన్‌పీఎల్ సర్వర్లతోగానీ, వాటికి ముడిపడిన సర్వర్లతోగానీ కలపాలని 2022లో సెర్ట్-ఇన్ ఆదేశాలు కూడా ఇచ్చింది.

తర్వాత 'అలో' అన్న లైన్‌లో మన ల్యాబ్ నెట్‌వర్క్ అడ్రస్ ఇవ్వాలి. 'లోకల్ స్ట్రాటమ్ 10' అని ఇంకో లైన్ రాస్తే, ఇంటర్నెట్ పోయినా ఆ మెషీన్ టైమ్ చెబుతూనే ఉంటుంది. అది కాస్త తప్పినా అందరూ కలిసి తప్పుతారు, లాగ్‌ల వరస మాత్రం చెడదు. 'మేక్‌స్టెప్ 1.0 3' అంటే, తేడా సెకను మించితే మొదటి మూడు సవరణల్లో మాత్రమే గడియారాన్ని దూకించు అని. ఆ తర్వాత నెమ్మదిగా జరపడమే. నడుస్తున్న డేటాబేస్ కింద టైమ్ వెనక్కి దూకితే జరిగిన నిమిషమే మళ్ళీ జరుగుతుంది మరి.

మిగతా మెషీన్లకి సర్వర్ పేరుతో ఒక్క లైన్ చాలు. ఎన్‌టీపీ మోసేది యూటీసీ. అయిదున్నర గంటలు కలుపుకోవడం ఎవరికి వారే చేసుకోవాలి, కాబట్టి టైమ్‌జోన్ విడిగా చూసుకోండి.

అయ్యాక 'క్రోనీసీ సోర్సెస్' కొట్టండి. ఎంచుకున్న సర్వర్ పక్కన చుక్క గుర్తు వస్తుంది. రీచ్ అన్న వరసలో 377 కనిపిస్తే కంగారు పడకండి, అది ఆక్టల్. బైనరీలో ఎనిమిది ఒకట్లు, అంటే చివరి ఎనిమిది ప్రశ్నలకీ జవాబు వచ్చింది. అక్కడ 0 ఉంటే మాత్రం ముందు ఫైర్‌వాల్‌లో యూడీపీ 123 పోర్ట్ తెరిచి ఉందో లేదో చూడండి.